బెంచీ మీద మద్దిలేటి

హైదరాబాద్,
12 జనవరి 2006

ప్రేమగల జములక్కకు,

నీ తమ్ముడు మద్దిలేటి నమస్కారాలు. బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. వచ్చే నెల నా ఆట చూడడానికి వస్తానని రాశావు. రావద్దక్కా. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

రెండేళ్లుగా నీకు అబద్ధం చెబుతున్నాను. మా మూసీ ఫుట్‌బాల్ క్లబ్‌లో నేను గోల్‌కీపర్‌నే, కానీ రెండో గోల్‌కీపర్‌ని. మొదటివాడు అన్వర్. అతనికి దెబ్బ తగిలితేనే నాకు ఆట. తగలాలని కోరుకోలేను కదా, చాలా మంచివాడు. ఈ కొత్త స్టేడియంలో గడ్డి ఎంత మెత్తగా ఉంటుందో, లైట్లు వేస్తే ఎంత వెలుగో నీకు ఎన్నోసార్లు రాశాను. అదంతా బెంచీ మీద కూర్చుని చూసిందే. ఒక్క మ్యాచ్‌లో కూడా ఆ గోల్ ముందు నిలబడలేదు. నీకు పంపిన ఫొటో జనం లేని రోజు తీయించుకున్నది.

అమ్మ పోయాక నువ్వు మగ్గం దిగకుండా చీరలు నేసి నన్ను పెంచావు. గద్వాలలో కనబడ్డవాళ్లందరికీ "మా తమ్ముడు పట్నంల ఆడుతుండు" అని చెప్పుకుంటావు. అది తలుచుకుంటే అన్నం దిగడం లేదు. సీజన్ అయిపోగానే క్లబ్ వదిలేసి వచ్చేస్తాను. నీ పక్కనే మగ్గం మీద కూర్చుంటాను. నన్ను క్షమించు.

నీ తమ్ముడు
మద్దిలేటి

గద్వాల,
19 జనవరి

మద్దిలేటికి మీ అక్క దీవెనలు.

మీ బావ అడిగినా నీ ఉత్తరం ఇవ్వలేదు. నేనే చదువుకున్నాను. నువ్వొక్కడివే దాచావనుకోకు, నేనూ దాచాను. దసరా అయ్యాక పక్కింటి కిష్టమ్మను దవాఖానలో చూపించడానికి హైదరాబాద్ వచ్చి, నీకు చెప్పకుండా మీ స్టేడియానికి వచ్చాను. ముందు వరసలోనే కూర్చున్నాను. నువ్వు పసుపు చొక్కా వేసుకుని గీత ఇవతల బెంచీ మీద ఉన్నావు. పక్కనున్న పెద్దాయన "మీ పిల్లగాడు ఆడుతుండా అమ్మా?" అని అడిగాడు. "ఆడుతలేడు. గాడ కూసున్నడు" అన్నాను. ఆ మాట అనడానికి నాకేం సిగ్గనిపించలేదు.

ఆ రోజు అవతలి జట్టువాడొకడు బంతి ముందర పెట్టుకున్నాడు. ఆపడానికి అన్వర్ ఒక్కడే. నువ్వు లేచి నీ కుడి భుజం తట్టుకుని అతనికి చూపించావు. అతను తల ఊపాడు, కుడికే దూకి బంతి ఆపాడు. జనమంతా అతని పేరు పిలిచారు. నువ్వు కూర్చుని ముఖం తుడుచుకున్నావు. నేను చూసింది ఇంతే. నాకు ఇది చాలు.

నన్ను చూస్తే నొచ్చుకుంటావని కలవకుండా బస్సెక్కాను. అది నా తప్పు. మగ్గం మీద ఇష్టంతో కూర్చుంటానంటే రా, చోటుంది. సిగ్గుపడి మాత్రం రావద్దు. ఒక్కటి అడుగుతాను. ఆడించమని కోచ్ సారును నోరు తెరిచి ఎప్పుడైనా అడిగావా?

మీ అక్క
జములమ్మ

హైదరాబాద్,
27 ఫిబ్రవరి

జములక్కా,

నువ్వు అంత దగ్గర కూర్చుని, కలవకుండా పోయావన్న చోట చదవడం ఆపేశాను. మళ్లీ చదవడానికి మరునాటి దాకా పట్టింది.

అడగలేదక్కా, ఒక్కసారి కూడా. నీ ఉత్తరం చూశాకే అడిగాను. సారు దాచకుండా చెప్పారు. "అన్వర్ నీకన్న మంచిగ ఆడుతడు. గది నీకూ తెలుసు. అయినా ఆఖరి మ్యాచ్‌ల నిన్ను జరసేపు దింపుత" అన్నారు. వచ్చే ఏడు కూడా బెంచీ మీదే ఉంటానేమో. ఉంటాను. క్లబ్ వదలడం లేదు.

నిన్న ఆదివారం చివరి పది నిమిషాలు నన్ను దింపారు. అన్వర్ బయటికొస్తూ నా తల నిమిరాడు. బంతి నా దాకా ఒక్కసారే వచ్చింది. పట్టుకున్నాను. పొట్టకు అదుముకుని గడ్డి మీద అలాగే బోర్లా పడుకున్నాను. వదలబుద్ధి కాలేదు. రెఫరీ దగ్గరికొచ్చి, "లే బేటా, ఆట ఇంకా ఉన్నది" అనేదాకా లేవలేదు.

నీ
మద్దిలేటి