మూడో సిలిండరుకు నీళ్లు అందలేదు

1979 అక్టోబరు 4, గురువారం

మళ్ళీ ఆగింది. గంటా పది నిమిషాలు నడిచి, మూడో సిలిండరు దగ్గర ఆవిరి చిమ్మి, పట్టేసింది. నా కొడుకు సూర్యం గోడకు ఆనుకుని చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. మసి ఎప్పుడో పోయింది, చేతులు మాత్రం ఆగలేదు.

పడవలో పెట్టే డీజిలింజను ఇది. భీమిలి వైపు అప్పలస్వామి గారి కొత్త వేటపడవకు కొలతలు తీసి కడుతున్నది. హిందీవాళ్ళ ఊరు ఈ గమ్హరియాలో, మా షెడ్డులో సముద్రం ఎక్కడిది... సిమెంటు తొట్టెలో నీళ్లే సముద్రం అనుకుని నడుపుతున్నారు.

నాకు అక్షరం రాదు. కోడలు వరలక్ష్మి రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలని ఒట్టు వేయించాను. మొగుడి మీదికి మాట వచ్చినప్పుడు దాని కలం ఆగుతుంది. ఆగకూడదు.

అక్టోబరు 6

నీళ్ల పంపు మార్చారు. మళ్ళీ మూడోదే.

అక్టోబరు 9

హెడ్డు విప్పి కొత్త గాస్కెట్ వేశారు. మిస్త్రీ రామ్‌దీన్ డీజిలు చిమ్మే నాజిళ్ళు అటుదిటు మార్చాడు — మూడో దానిది నాలుగుకి, నాలుగో దానిది మూడుకి. తప్పు నాజిలుదైతే వేడి నాలుగుకి పోవాలి కదా. పోలేదు. మిస్త్రీ టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

అక్టోబరు 11

ఈరోజు నా వైపు చూడడం మొదలుపెట్టారు.

అచ్చులో ఇనుము పోసేటప్పుడు, లోపల ఎక్కడ ఖాళీ ఉండాలో అక్కడ ఇసుకతో చేసిన దిమ్మ పెడతాం. అదే కోరు. ఇనుము గట్టిపడ్డాక ఆ ఇసుకను కొట్టి దులిపేస్తే దారి మిగులుతుంది. సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగేది ఆ దారిలోనే. ఈ ఇంజను కోర్లన్నీ నావి. పెద్ద ఇనుప కార్ఖానాలో రేజాగా, అంటే ఆడకూలీగా, ఇసుక మోయడానికి చేరి, కోరు బల్ల దాకా వచ్చి, అక్కడే ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాను. మగవాళ్ళ కోర్లు విరిగేవి, నావి విరిగేవి కావు. అందుకే సూర్యం ఈ షెడ్డు పెట్టినప్పుడు ఇంకెవరినీ వెతకలేదు.

"బాలూ అటక్ గయా హోగా," అన్నాడు మిస్త్రీ. ఇసుక ఇరుక్కుని ఉంటుందట. నా ముందే అన్నాడు, నాకు హిందీ రానట్టు.

అక్టోబరు 12

నాలుగు బిందెల నీళ్లు కాచమన్నాను. ఇంజను చల్లగా ఉండగా నీళ్ల దారిలో పోయించి, ఇంజను గోడ మీద అరచెయ్యి ఆనించి నడిచాను. ఒకటి వెచ్చన. రెండు వెచ్చన. మూడు — మంచులా ఉంది. నాలుగు వెచ్చన.

పంపు కాదు, నాజిలు కాదు, గాస్కెట్ కాదు. దారి మూసుకుంది. వారం రోజులుగా వీళ్ళకు దొరకనిది ఒక్క పూటలో దొరికింది.

సూర్యం కూడా అరచెయ్యి పెట్టి చూశాడు. మెల్లగా అన్నాడు — "సూసినావా అమ్మా. నీ ఇసకే."

నా మీద సాక్ష్యం నా చేత్తోనే ఇచ్చాను.

అక్టోబరు 13

సూర్యం భీమిలికి, అప్పలస్వామి గారికి ట్రంకు కాల్ చేశాడు. పోస్టాఫీసులో వరలక్ష్మి పక్కనే ఉంది. చెప్పడానికి నసిగింది, చెప్పించాను. "మాయమ్మ సెయ్యి వణుకుతంది బావూ, ఇంక ముట్టనివ్వను" అన్నాడట.

దీని ముందు చెయ్యి చాపాను. చాలాసేపు చాపి ఉంచాను. చూసింది. తల వంచుకుని ఇది రాసింది.

అక్టోబరు 15, సోమవారం

మూడో సిలిండరు పక్క మూత ఊడదీశారు. మిస్త్రీ ఊచ పెట్టి కెలికితే నల్లటి పొడి రాలింది. "దేఖియే, మాజీ" — చూడమ్మా — అని అరచేతిలో వేసి చూపించాడు.

తీసి నోట్లో వేసుకున్నాను. ఇసుకలో నూనె చాలిందో లేదో కోరు షాపులో మేం చూసేది అలాగే. ఇసుక ఎంత కాలినా పళ్ళ కింద కరకరలాడుతుంది. ఇది నలిగింది. పీచు. మాడిన కొబ్బరి వాసన.

నా కొక్కెం తీగ తెచ్చి లోపల పెట్టాను. ముందు పీచు ముద్ద వచ్చింది. దాని వెనక, దారికి అడ్డంగా నిలబడిపోయి, బొటనవేలంత కొబ్బరి పెంకు.

పోయిన నెల విశ్వకర్మ పూజ నాడు ఇంజను దిమ్మ బల్ల మీద ఉంది. పక్క మూతలు ఇంకా బిగించలేదు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు. పూజకని భీమిలి నుంచి వచ్చిన అప్పలస్వామి గారిని, కొబ్బరికాయ మీ చేత్తోనే కొట్టండి అన్నాడు సూర్యం. ఇనుము మీదే కొట్టాడాయన. ఒక్క దెబ్బకు పగిలిందని అందరికీ సంతోషం. నేను ముండమోసిన దాన్ని కదా, కోర్లు ఆరబెట్టే పొయ్యి వెనక నిలబడమన్నారు. అక్షింత కూడా వేయనివ్వలేదు. ఆయన నా మొహం చూడనైనా లేదు.

పెంకును బల్ల మీద పెట్టాను. అందరూ దాన్నే చూశారు. నన్ను చూసినవాడు లేడు.

అక్టోబరు 16

ఇంజను దిమ్మ పనికిరాదు. మూడుకీ నాలుగుకీ మధ్య వేడికి వెంట్రుకంత బీట. కొత్తది పోయాలి.

అప్పలస్వామి గారికి మళ్ళీ ఫోను చేసి నిజం చెప్పమన్నాను. సూర్యం గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"ఆ మాట సెప్పకూడదమ్మా. ఆయన కొట్టిన కాయే ఇంజను కడుపులో అడ్డం పడిందంటే అపశకునం అంతాడు. మనుసుల్ని ఆ పడవెక్కనిస్తాడేటి? మనకాడ ఇంజనే వొద్దంతాడు."

"తప్పు నాను సేసిన కోరుదని సెప్తే?"

"కోరంటే మార్చీగలం."

అంతే. కాయను మార్చలేరు, నన్ను మార్చగలరు.

(వరలక్ష్మి ఇక్కడ కలం ఆపింది. రాయి అన్నాను.)

అక్టోబరు 18

నా చోట కోర్లు చేయడానికని, దగ్గరి ఊరు పర్సుడీహ్ నుంచి ఒకాయనను తెచ్చారు. మంచివాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తూముల కోర్లు చేశాడట — పొడుగ్గా, లావుగా. ఇది వంపులు తిరిగి వేలి లావున సాగే కోరు. పొయ్యిలోంచి తీస్తుంటే చేతిలోనే రెండు ముక్కలైంది.

అక్టోబరు 19

ఇంకోటి చేశాడు. అదీ విరిగింది.

కాలేటప్పుడు లోపలి ఆవిరి బయటికి పోయే గాలి దారికి, వేడికి కరిగిపోయే మైనం దారం పెట్టాలని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. పొయ్యి పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకున్నాను.

అక్టోబరు 22, సోమవారం

సూర్యం వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. అంత దగ్గరగా కూర్చుని ఎన్నాళ్ళయిందో. చాలాసేపు నా మోకాలి చిప్ప వైపు చూశాడు. కోర్లు నేనే చేయాలట. ఆదివారం అప్పలస్వామి గారు కొత్త చేతిని కళ్ళారా చూసి పోదామని వస్తున్నారట. ఆ పూటకు పర్సుడీహ్ ఆయనను బల్ల దగ్గర కూర్చోబెడతారట. నేను సోనారిలో కూతురింటికి వెళ్ళాలట. ఒక్కపూటే.

"మరి ఆ పెంకో?" అన్నాను.

పారేశాడట.

అక్టోబరు 25

చేస్తున్నాను. ఎందుకు చేస్తున్నానని వరలక్ష్మి అడిగింది. ఆ పడవలో నలుగురు మనుషులు వెళ్తారు. సముద్రం మధ్యలో ఇంజను పట్టేస్తే నా కొడుకు అబద్ధం వాళ్ళను ఒడ్డుకు చేర్చదు. వాళ్ళ కోసం చేస్తున్నాను. వాడి కోసం కాదు... ఈ చివరి మాట కొట్టేయనా అని అడిగింది. వద్దన్నాను.

అక్టోబరు 27

కోర్లు ఆరాయి. వేలితో తడితే కుండలా మోగాయి. పర్సుడీహ్ ఆయన ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "రేపు ఇవి నావని సెప్పమన్నారు మామ్మా," అన్నాడు. "నా నోట్లోంచి వత్తదో రాదో తెల్దు."

అక్టోబరు 28, ఆదివారం

ఆటో వచ్చి గంటసేపు నిలబడి ఖాళీగా వెళ్ళిపోయింది. సూర్యం ముందు మెల్లగా అడిగాడు, తర్వాత గట్టిగా అడిగాడు, తర్వాత వరలక్ష్మితో చెప్పించబోయాడు. అది పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. పర్సుడీహ్ ఆయన ఉతికిన చొక్కా వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆయన కూర్చోవలసిన పీట మీద నేనున్నాను. ముంజేతుల దాకా ఇసుక.

ఏం చెప్పాలో అనుకోలేదు. కాయ మాట చెప్తే వాడి ఇంజను పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, వాడికంటే బాగా తెలుసు.

అప్పలస్వామి గారు ఇప్పుడే వచ్చారు. గుమ్మంలో ఆగి, కోర్ల వైపు చూసి, నా చేతుల వైపు చూసి, అడిగారు — "ఈ మామ్మెవరు, సూర్యం?"

జవాబు కోసం ఆగలేదు, కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. సూర్యం అక్కడే నిలబడి నా వైపు చూస్తున్నాడు. నేనూ వాడినే చూస్తున్నాను. కుళాయి కట్టేశారు.