పిడికెడు బియ్యపు బావి

ఒరేయ్ దానియేలూ, మన పేట బావిలో నీళ్లు పడ్డాయిరా, తియ్యటి నీళ్లు!

చర్చి గంట కోసం ప్రతి ఇల్లూ ఎసట్లో పోసేముందు తీసిపెట్టే పిడికెడు బియ్యంతో బావి తవ్విద్దామన్నావు.

"పరలోకంలో జీవజలం ఉందిరా" అన్నాను.

"అక్కడికెళ్లేదాకా ఈ కాలవ బురదేనా నాన్నా?" అన్నావు.

సంఘపెద్దనని కాదనేశాను. ఆ ఎండాకాలమే నువ్వు కలరాతో పోయావు.

గంట మాట మాని బియ్యం బావికిమ్మని చర్చిలో నేనే లేచి బతిమాలుకున్నాను. ఇవాళ మొదటి చేద నా చేతే తోడించారు. పిల్లలు దోసిళ్లు పట్టి తాగుతుంటే, "నీ రాజ్యం వచ్చుగాక" అని ఇన్నేళ్లూ ప్రార్థనలో దేవుణ్ణి దేన్ని అడిగానో ఇప్పటికి తెలిసింది. నాకు కాళ్లు నేలమీద ఆనడం లేదురా, నాయనా!

తాడేపల్లిగూడెంలో మీ అక్కకీ, ఆకివీడు మావయ్యకీ, కలిదిండి పిన్నికీ కబురంపాలి. నీ దగ్గరే ఉన్న మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పు.