పసుపు పొట్లం

సుగుణా, నువ్వు వచ్చేసరికే మీ బావ, నేను పట్నం దవాఖానకు బస్సెక్కి పోతం. పిల్లలు పక్కింటి హన్మవ్వ దగ్గర ఉన్నరు, తాళంచెయ్యి గుడ ఆమె దగ్గరనే. అన్నం వండిపెట్టిన, పప్పు నువ్వు చెయ్యి. చిన్నోనికి కారం తగలనియ్యకు. నాకు కరెంటు పెడతరట, అదే రేడియేషనట, ఎన్నడొస్తమో తెల్వది.

నా రొమ్ముల రాచపుండని తెలిసిన నాడే అత్తమ్మ నా గిలాస వేరే పెట్టింది. అంటుకునేది కాదని డాక్టరు చెప్పినా వినలే. కందకుర్తిల పెద్దకొడుకు ఇంటికి పోయి కూసున్నది. అందుకే నిన్ను పిలిచిన.

నా బిడ్డ గంగామణికి ఏం తెలుస్తది? పుండంటే మోకాలు చెక్కుకపోతే అయ్యే పుండే అనుకున్నది. రోజూ పసుపు తడిపి తెచ్చి తానే పెట్టింది. డాక్టరు వద్దన్నడు గని, పోరి చెయ్యి నూకేయ బుద్ధి కాలే. పొద్దుగాల నా సంచిల గుడ ఒక పొట్లం పెట్టి, "అమ్మా, మరువకుండ పెట్టుకో, మానుతది" అన్నది.

అక్క

ఇంకోటి. నేను తిరిగి రాకపోతే, తను పెట్టిన పసుపు సాలలేదేమో అనుకుంటది అది. కాదని నువ్వే చెప్పాలె.