నా దీవెన సోకిన ఇళ్లు

అనకాపల్లి, 9-12-2005

జాయ్స్ చెల్లీ, నీ బాబుకు ఊపిరి సరిగా ఆడుతోందా? నేను జలుబుతోనే ఇంటింటి ప్రార్థన కూటాల్లో చంటిబిడ్డలను ఎత్తి, ముద్దుపెట్టి దీవించాను. ఏడుగురు ఆయాసంతో ఆసుపత్రిలో పడ్డారు. పక్కింటి దేముడు గారి మనవరాలు, రెండు నెలల పిల్ల, నిన్న పోయింది.

నర్సమ్మ మొహం మీదే అంది: "పెద్దోళ్లకి వట్టి జలుబే అయ్యగారూ, సంటోళ్లకి ఊపిరాడదు. పిల్లలు జబ్బుపడ్డ ఇళ్లూ మీ కూటాలైన ఇళ్లూ ఒకటే, సూసుకోండి!"

బైబిల్లో తొలిచూలు బిడ్డలను చంపిన ఐగుప్తు తెగులు, గొర్రెపిల్ల రక్తం పూసిన గుమ్మాలను దాటిపోయింది. ఈ తెగులును గుమ్మం గుమ్మానికీ మోసినవాణ్ణి నేనే. ప్రార్థనకు నోరు రావడం లేదు.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? దీవెన పంపాలన్నా మీ అన్నయ్యకు భయంగా ఉంది. సోమవారం నీ బాబునూ ముద్దాడాను కదా. వాడు డొక్కలు ఎగరేస్తుంటే ఆముదం రాస్తూ కూర్చోకు, కార్డు అందిన రోజే ఆసుపత్రికి పరుగెత్తు!