నేలరంగు పద్దు

నవంబరు 20

నా మొండి చెల్లీ దారీమా,

నీ కాగితం అందింది. మీ మండలాఫీసు ముద్ర, కింద నీ సంతకం, పైన "గౌరవనీయులైన జిల్లా ఖజానా అధికారి గారికి" అని నా పేరు. చదువుతుంటే నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఎండుపెరుగు ముక్క కావలసినప్పుడు కూడా నువ్వు ఇలాగే, ఉన్నట్టుండి మర్యాద నేర్చుకుని అడిగేదానివి. ఇప్పుడు నాలుగు పీపాల డీజిల్ అడుగుతున్నావు, అంతే తేడా.

ఇవ్వను. ఎందుకివ్వనో కూడా రాస్తున్నాను, ఇంకెవరికైనా అయితే ఆ మాట కూడా రాయను.

మంచు తోసే బండికి ఈ ఏడాది పెట్టిన డీజిల్ డబ్బు అక్టోబరు మంచుకే అయిపోయిందంటావు. సాంస్కృతిక భవనం నేలకు రంగు వేయడానికి పెట్టిన డబ్బు ముట్టకుండా ఉంది, ఈ చలిలో రంగు ఎలాగూ ఆరదు, దాన్ని డీజిల్‌కు మార్చమంటావు. నీకిస్తే మిగతా పద్నాలుగు మండలాల వాళ్ళు రేపు పొద్దున్నే నా గుమ్మంలో ఉంటారు. అందరికీ మారిస్తే నా మూడేళ్ళ కష్టం మట్టిలో కలుస్తుంది.

నాలుగేళ్ళ క్రితం రాజధాని నుంచి మదింపు వాళ్ళు వచ్చి, లెక్కలు చూసి మన జిల్లాకు ఇచ్చిన గ్రేడు నీకు గుర్తుందా? అనుకున్న ఖర్చొకటి, పెట్టిన ఖర్చొకటి అని 'డి' ఇచ్చారు. ఇది ఎవరినీ శిక్షించడానికి కాదు, మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో చూపడానికే అని వాళ్ళు నివేదిక మొదటి పేజీలోనే రాశారు. ఆ పేజీ ఎవరు చదివారు? జిల్లా గవర్నరు నన్ను నిండు సభలో నిలబెట్టి, "ఈవిడే మన డి అమ్మగారు" అన్నాడు. రెండొందల మంది నవ్వారు. మర్నాడు మాంసం దుకాణంలో కసాయివాడు కూడా, "డి అమ్మగారికి ఎముకలు తక్కువ తూచరా" అన్నాడు. అప్పుడు ఏడవలేదు. ఏడవకపోవడమే నా తప్పేమో, అది లోపలే గడ్డకట్టిపోయింది.

మదింపులో మూడేళ్ళ ఖర్చు చూస్తారు. పద్దుకూ ఖర్చుకూ తేడా నూటికి అయిదు దాటకూడదు. రెండేళ్ళు దాటనివ్వలేదు. ఇది మూడో ఏడాది. మార్చిలో వాళ్ళు వస్తారు. డిసెంబరు ఆఖరుకు ఏడాది లెక్క ముగిసేదాకా, ఈ నలభై రోజులు ఎవరు వచ్చి కాళ్ళమీద పడినా ఒక్క పద్దు కదలదు.

మీకందరికీ ఆ మదింపు పుస్తకం పంపి, అక్షరం వదలకుండా చదవమని, పరీక్ష కూడా పెట్టించాను. పదిహేను మండలాల లెక్కలవాళ్ళలో నువ్వే మొదటిదానివి. అంత చదివినదానివి, ఇలాంటి కాగితం పంపడానికి సిగ్గులేదా?

రంగు వేయించండి. చలి అని సాకులు చెప్పకుండా డిసెంబరు లోపల వేయించి బిల్లు పంపండి. పద్దు మిగిలినా నాకు తేడాయే.

మరిది చుల్తెమ్‌కు చెప్పు, బండి నడపకుండా కూర్చుంటే పొట్ట పెరుగుతుందని.

మీ అక్క,
సెవ్‌జిద్

డిసెంబరు 12

దారీమా,

ఈసారి 'చెల్లీ' అని రాయబుద్ధి కావడం లేదు.

రెండో కాగితం కూడా తిప్పి పంపాను, చూసే ఉంటావు. దాని వెనకే నిన్న ఒక కవరు వచ్చింది. మీద ముద్ర లేదు, నంబరు లేదు, నీ చేతిరాతతో "అక్కకు మాత్రమే" అని ఉంది. ఆఫీసు చిరునామాకు! నా గుమాస్తా దాన్ని అందరి ముందూ రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, "అమ్మగారూ, మీ చెల్లెలుగారు ఈసారి ఇంటి దారిన వస్తున్నట్టున్నారు" అన్నాడు. గదిలో ఉన్న వాళ్ళు తలలు వంచుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు నాకు తెలుసు. ఒకసారి విన్నాను.

అందుకే ఆ కవరు తెరవలేదు. వాళ్ళ ముందే దానిమీద "సొంత ఉత్తరాలు కార్యాలయానికి పంపరాదు" అని రాసి, తిరుగుటపాలో వేయించాను. నీకు బాధగానే ఉంటుంది, ఉండనీ. అందులో ఏముందో నాకు తెలుసు. అమ్మ పోయేముందు నిన్ను నాకు అప్పగించడం, నేను నీ జడలు వేయడం, అవన్నీ ఉంటాయి. వాటితో పద్దులు మారవు.

ఈ ఏడాది జుద్ ముంచుకొస్తోందని, మంచు కింద గడ్డి అందక మందలు నిలబడ్డచోటే కూలుతున్నాయని నాకు నువ్వు చెప్పక్కరలేదు. పదిహేను మండలాల నుంచీ అదే ఏడుపు. జనవరి ఒకటిన కొత్త ఏడాది డబ్బు వస్తుంది. ఇరవై రోజులు. ఇరవై రోజులు ఓపిక పట్టలేరా? మన తాతల కాలంలో మంచు తోసే బండ్లు ఉండేవా? వాళ్ళు బతకలేదా?

రంగు బిల్లు ఇంకా రాలేదు. ఇరవై అయిదో తేదీలోగా రాకపోతే నిన్నే సంజాయిషీ అడుగుతాను. చెల్లెలివని చూడను. చూశానన్న మాట ఎక్కడా రాకూడదు.

సెవ్‌జిద్

ఏప్రిల్ 3

దారీమా, తల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. దయచేసి చివరిదాకా చదువు. ఆ తర్వాత పొయ్యిలో పెట్టుకున్నా సరే.

ముందు ఆసుపత్రి సంగతి. జనవరిలో నేను వచ్చినప్పుడు నువ్వు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చుల్తెమ్‌కు చెంచాతో మాంసం చారు పట్టిస్తూ కూర్చున్నావు. దుప్పటి కింద పాదాలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. రెండు పాదాలూ తీసేశారని ఫోన్లో విన్నాను. వినడం వేరు, ఆ దుప్పటి చూడడం వేరు. "ఎలా ఉన్నావు మరిదీ?" అన్నాను. ప్రపంచంలో ఇంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఉండదు.

అతను నవ్వాడు. "రా వదినా, కూర్చో. నీకో లెక్క. మనిషిలో నూటికి అయిదు వంతుల కంటే ఎక్కువ తేడా రాకూడదటగా? నాది ఎంత తేడా వచ్చిందో చూసి చెప్పు."

పక్క మంచం అతను నవ్వాడు. నర్సు కూడా నవ్వింది.

"అయిదు లోపలే అయితే నాకూ ఒక ఎ ఇప్పించు వదినా, గోడకు తగిలించుకుంటా" అన్నాడు.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అప్పటికీ నాలో ఒక మూల ఏమనుకుందో చెప్పనా? దారుణమే, కానీ తప్పు నాది కాదు, రూలుది అనుకుంది. ఆ మంచులో అతను ఎందుకు వెళ్ళాలి? ఎవరు వెళ్ళమన్నారు? ఆ మాట పట్టుకునే మూడు నెలలు నిద్రపోయాను తల్లీ. హాయిగానే నిద్రపోయాను.

మొన్న మదింపు ముగిసింది. 'ఎ' ఇచ్చారు. గవర్నరు లేచి చప్పట్లు కొట్టాడు. నన్ను 'డి అమ్మగారు' అన్న నోటితోనే "మన జిల్లా వెలుగు" అన్నాడు. నాలుగేళ్ళు ఆ క్షణం కోసం బతికాను కాబట్టి నాకు ఒళ్ళంతా పులకరించింది. అది కూడా దాచను.

తర్వాత ఉప్పు టీ తాగేటప్పుడు రాజధాని నుంచి వచ్చిన మదింపు పెద్దావిడ నా పక్కన కూర్చుంది. వేళ్ళతో రొట్టె తుంచుకుంటూ మామూలుగా అడిగింది.

"ఒక్కటి అర్థం కాలేదమ్మా. మొన్నటి జుద్‌లో కూడా మీ పద్దులు అంగుళం కదల్లేదు. మరి గడ్డికీ డీజిల్‌కీ డబ్బు ఎక్కణ్ణించి తెచ్చారు?"

"తేలేదండీ. కదిపితే గ్రేడు పోతుంది కదా."

ఆవిడ నావైపు తిరిగింది. "ఎందుకు పోతుంది? మూడేళ్ళలో రెండేళ్ళు హద్దులో ఉంటే చాలు, ఎ వచ్చేస్తుంది. మీకు ముందు రెండేళ్ళూ బాగానే ఉన్నాయిగా? ఆ ఒక్క ఏడాదీ వదిలిపెట్టింది ఇలాంటి కష్టం వస్తుందనే. పుస్తకంలో ఉంది. మీరే అందరికీ పరీక్ష పెట్టించారట కదా, చాలా మెచ్చుకున్నాం."

నేను "అవునండీ" అన్నాను. "ఉందండీ" అన్నాను. ఇంకో కప్పు టీ కూడా తాగాను.

దారీమా, నేను ఆ పుస్తకం చదవలేదు. రెండొందల పేజీలు. నా గుమాస్తాతో ఒక పేజీకి కుదించి రాయించుకుని, దాన్నే బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. అందులో "మూడేళ్ళు, నూటికి అయిదు" అని ఉంది. అంతే ఉంది. మీ అందరి చేతా అక్షరం వదలకుండా చదివించి, నేను మాత్రం చదవలేదు.

ఇంకా నీచమైనది రాయాలి. నాకు రాజధానిలో ఉద్యోగం ఇచ్చారు. ఈ మదింపు చూసి మిగతా జిల్లాలకు సంస్కరణ నేర్పాలట. జుద్ ఏడాదిలో కూడా పద్దు చెదరనివ్వని జిల్లాగా మనల్నే అందరికీ ఉదాహరణగా చూపిస్తారట. అది తప్పు ఉదాహరణ అని సభలో లేచి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. సంతకం పెట్టాను.

ఒక్కటి మాత్రం నన్ను తొలిచేస్తోంది, అడక్కుండా ఉండలేను. నువ్వు పరీక్షలో మొదటిదానివి కదా. ఆ వాక్యం నీ కంటనైనా పడలేదా? పడితే ఒక్క ముక్క రాసి ఉండకూడదా? అక్క గుడ్డిదని తెలిస్తే చెల్లెలు చెయ్యి పట్టుకోదా? నిన్ను తప్పు పట్టడం లేదు. లేదు, పడుతున్నానేమో. నాకే తెలియడం లేదు.

అక్కడ నాకిచ్చిన ఇల్లు కింది అంతస్తులో ఉంది. చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వస్తుంది. కృత్రిమ పాదాలు అమర్చే ఆసుపత్రి నడిచి వెళ్ళే దూరం. మీరిద్దరూ వచ్చి నా దగ్గర ఉండండి. నీకు అక్కడే పని ఇప్పిస్తాను. రానంటావని తెలుసు. అడిగాననైనా ఉంటుంది.

నీ అక్క,
సెవ్‌జిద్

ఏప్రిల్ 19

అక్కా,

చివరిదాకా చదివాను. పొయ్యిలో పెట్టలేదు. నువ్వు రాసిన ప్రతి కాగితం వరస తప్పకుండా దాచడం నా ఉద్యోగం.

డిసెంబరు ఇరవై ఆరున ఏం జరిగిందో నువ్వు ఎప్పుడూ అడగలేదు, ఎవరు వెళ్ళమన్నారని మాత్రం అడిగావు. ఎవరూ వెళ్ళమనలేదు. కనుమ అవతల దాష్‌జెవెగ్ కుటుంబానికి పొయ్యిలోకి పిడకలు అయిపోయాయని ఫోన్ వచ్చింది. ఆరుగురు మనుషులు. బండి ఆఫీసు ముందే ఉంది, ట్యాంకు ఎండిపోయి. చుల్తెమ్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "దీన్ని తిడితే కదులుతుందేమో, మీ అక్క దగ్గర నేర్చుకోవాల్సింది" అని నవ్వి, పార తీసుకుని గుర్రమెక్కాడు. గుర్రం కనుమలోనే పడిపోయింది. ఆ ఆరుగురినీ కాలినడకన దించుకొచ్చాడు. దారిలో వాళ్ళలో ముసలాయనకు తన బూట్లు తొడిగాడు. ఆయనవి తడిసి చినిగిపోయాయట.

ఊళ్ళో పొయ్యి వెలుగుతున్న పెద్ద గది సాంస్కృతిక భవనం ఒక్కటే. నీ రంగు ఆరడానికి అప్పటికి మూడు రోజులుగా అక్కడ బొగ్గు తగలేస్తున్నాం. చుల్తెమ్‌ను మోసుకొచ్చి ఆ నేల మీదే పడుకోబెట్టాం. రంగు ఆరలేదు. కోటు వీపంతా ఎర్రగా అంటుకుంది. డాక్టరు మొదట అది నెత్తురనుకుని వీపు వెతికాడు, పాదాలు తర్వాత చూశాడు. రంగు బిల్లు మాత్రం నువ్వు చెప్పిన తేదీకే పంపాను, అందే ఉంటుంది.

నువ్వన్నట్టే కొత్త డబ్బు వచ్చింది. జనవరి మూడున నాలుగు పీపాలు దించారు.

ఇక నీ ప్రశ్న. ఆ వాక్యం నా కంటబడింది. డిసెంబరు ఎనిమిదిన దాన్ని కాపీ చేసి, పేజీ నంబరు వేసి, కింద గీత గీసి నీకు పంపాను. అమ్మ గురించి ఒక్క ముక్క లేదు అందులో. జడల గురించీ లేదు. "అక్కా, నీకు ఎ రావడం ఆగదు, డీజిల్ ఇవ్వు. ఈ సంగతి ఆఫీసు కాగితంలో రాస్తే నువ్వు పుస్తకం చదవలేదని అందరికీ తెలిసిపోతుంది, అందుకే విడిగా రాస్తున్నాను" అని ఉంది. మళ్ళీ ఎవరూ నిన్ను చూసి నవ్వకూడదని, మీద "అక్కకు మాత్రమే" అని రాశాను.

ఆ కవరు ఇప్పటికీ తెరవకుండానే ఉంది. దాని మీద నీ చేతిరాత ఉంది.

నేను రానంటానని రాశావు. వస్తున్నాం. మే పన్నెండున బస్సు దిగుతాం, ఇద్దరం. నీ ఇంట్లోనే ఉంటాం, నీ బల్ల దగ్గరే తింటాం. నిన్ను ఒక్క మాట కూడా అననని మాటిస్తున్నాను. రోజూ పొద్దున నువ్వు సంస్కరణ నేర్పడానికి బయల్దేరేటప్పుడు బూట్లు తొడుక్కుంటావు కదా, ఎదురుగా చుల్తెమ్ కుర్చీలో ఉంటాడు. కవరు నేను చేత్తో తెస్తాను. మా ఇద్దరి ముందూ నువ్వే తెరిచి, గట్టిగా చదవాలి. మొదటి రోజే అక్కరలేదు. ఎప్పుడో నువ్వే చెప్పు. అంతవరకూ అది బల్ల మీదే ఉంటుంది.

చుల్తెమ్ నీకో మాట రాయమంటున్నాడు. వదిన టీలో ఉప్పు సరిగ్గా వేయదట, ఆయనకు కొంచెం ఎక్కువ కావాలట. గుర్తుపెట్టుకో.

నీ చెల్లెలు,
దారీమా