రాతి మీద ఏడో పేరు

1983 నవంబరు 19, శనివారం

ఈరోజు తెనాలి మున్సిపల్ పార్కులో నల్లరాయి ఆవిష్కరించారు. డెబ్బై ఏడు తుఫాను రోజున రేపల్లె అవతల నాటకం ఆడటానికి వెళ్ళి, ఉప్పెనలో కొట్టుకుపోయిన కళాకారుల పేర్లు. ఆరు. చప్పట్లు, ఫొటోలు.

వెళ్ళింది ఏడుగురు. హార్మోనియం వాయించడానికి వెళ్ళిన పురుషోత్తం పేరు లేదు.

అసలు వెళ్ళాల్సింది నాన్నగారు. జ్వరం. శిష్యుడే కదా అని పురుషోత్తాన్ని పంపమన్నది నేను. వచ్చే ఆదివారం నాన్నగారితో మన పెళ్ళి మాట ఎత్తుతానని మెట్లు దిగుతూ అన్నాడు. ఆరేళ్ళయింది. ఆదివారాలు గడవవు.

నవంబరు 21

కమిటీ ప్రెసిడెంట్ వెంకటరాఘవయ్యగారిని అడిగాను. "ఒక్క షో కోసం వచ్చిన కుర్రాడమ్మా. ఎవరూ అడగలేదు. బాపట్లలో అతని ఇంట్లోవాళ్ళ చేత సంతకం పెట్టించుకురా, చెక్కిద్దాం" అన్నారు.

1984 ఫిబ్రవరి 12

బాపట్ల వెళ్ళాను. తల్లి మాణిక్యమ్మగారు ఒక్కతే ఉంది. సినిమా చాన్సు కోసం మద్రాసు పోతానని అలిగి వెళ్ళాడట. "కోడంబాకంలో చూశామని ఎవరో అన్నారమ్మా. పేరొచ్చాక వస్తాడ్లే" అంది. గురువుగారు క్షేమం కనుక్కోమన్నారండి అని అబద్ధమాడాను. ఉప్మా పెట్టింది. తినేసి వచ్చాను.

సంతకం కాగితం బ్యాగులోనే ఉండిపోయింది.

1986 జూలై 3

నాన్నగారు పోయారు. తుఫాను తర్వాత ఆయన హార్మోనియం ముట్టలేదు.

1988 మార్చి 9

ఇంకో సంబంధం. వద్దన్నాను. ఈసారి అన్నయ్య కారణం అడగలేదు.

1990 మే 10

మళ్ళీ తుఫాను. రేపల్లె ప్యాసింజర్ ఆపేశారు. నేను పనిచేసే స్కూలుకి ఎలాగూ వేసవి సెలవులు. పార్కులో మోకాలి లోతు నీళ్ళు. చెప్పులు చేత్తో పట్టుకుని రాయి దాకా వెళ్ళొచ్చాను. ఎందుకు వెళ్ళానో తెలియదు.

మే 24

మాణిక్యమ్మగారి కార్డు. చదువు రాదు, పక్కింటివాళ్ళ చేత రాయిస్తుంది. మద్రాసులోనూ గాలివానట, మావాడు తడిశాడేమో, వాడికి చలి పడదు, నీకేమైనా కబురు తెలిసిందా అని రాయించింది.

నాలుగుసార్లు చదివాను. ఈ ఎదురుచూపు నేను పెట్టిన శిక్ష.

జూన్ 3, ఆదివారం

బాపట్ల వెళ్ళి మాణిక్యమ్మగారికి చెప్పేశాను. అంతా. పంపమన్నది నేనేనని కూడా.

ఏడవలేదు. తిట్టలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. తలుపు తీసి, "ఏదీ ఆ కాగితం?" అంది. వేలిముద్ర వేసింది. "ఇంటిపేరు తప్పు రాయనీకు" అంది. మళ్ళీ రమ్మనలేదు.

అక్టోబరు 16

ముందువైపు చోటు లేదు. రాయికి ఎడమ పక్కన పేరు చెక్కాడు శిల్పి ముత్తయ్య. సగం రోజు పట్టింది. స్కూలుకి సెలవు పెట్టి అక్కడే నిలబడ్డాను. మాణిక్యమ్మగారికి కార్డు రాశాను. రమ్మని రాసే ధైర్యం లేదు. అయిపోయిందని మాత్రం రాశాను.

నవంబరు 19

వచ్చింది. పేరు చదవమంది, చదివాను. ఆ రోజు ఏం తిని వెళ్ళాడని అడిగింది. మా ఇంట్లో పెరుగన్నం, మాగాయ అన్నాను. సరిగ్గా తిన్నాడా అంది. మారు వడ్డించుకున్నాడన్నాను. బాపట్ల బండి వచ్చేదాకా అదే అడిగింది. అదే చెప్పాను.