వేళ్లకు బడి

అమ్మాయికి నాన్న దీవెనలు. నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

ఇంతకాలం దర్జీపని చేసి, పోయిన నెల నీలం కోటును నల్లదారంతో కుట్టేశాను. కొట్టు యజమాని కోప్పడలేదు. కంప్యూటరు మీద బట్ట కత్తిరించే కోర్సులో చేరమన్నాడు. ఆ తెర నా కళ్లకు ఆనదు. పోయిన చూపు ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. అందుకని సాయంత్రాలు అంధుల బడికి వెళ్లి కుట్టుపని మళ్లీ నేర్చుకుంటున్నాను. చిన్నప్పుడు నాకు పని నేర్పిన గురువు చీకట్లోనే సూదికి దారం ఎక్కించేవాడు. ఆ కథ మొదలుపెడితే కార్డు చాలదు.

ఇక్కడి పంతులమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. నిన్న నేను కాలరు కుడుతుంటే, "కళ్లు మూసుకోండి తాతగారూ, దొంగచూపులు చూస్తున్నారు" అంది.

"నీకెలా తెలిసిందమ్మా?"

"మీ చెయ్యి తొందరపడుతోంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి కళ్లు మూసుకున్నాను. తడి మాత్రం ఆగలేదు.

ఈపాటికి పోస్టుమాను ఇదంతా చదివేసే ఉంటాడు. నీ దగ్గరున్న మీ అమ్మకు మాత్రం నువ్వే నెమ్మదిగా చెప్పు. వంటింటి కప్పు కారడం ఆగిందా? అల్లుడి మోకాలు ఎలా ఉంది? ఈసారి మనవరాలి ఫోటో పంపకు. దానికి పొట్టయిపోయిన గౌను ఒకటి, ఇప్పుడు తొడుగుతున్నది ఒకటి పంపు. ఎంత ఎదిగిందో తడిమి చూసుకుని, ఇక్కడి నుంచే దీవిస్తాను.

నాన్న